నలభై ఏడో నంబరు ఆస్తి

ఎల్లంబావి స్టేడియంలో పరుగెత్తడం నేరం. నడవచ్చు. బూట్లకు గుడ్డ సంచులు కట్టుకొని, వరుసలో, మంగళ, శుక్రవారాల్లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా నడవచ్చు. గేటు మీద బోర్డు కూడా ఉంది: "ఇది క్రీడా వారసత్వ ప్రాంగణం. ఇక్కడ క్రీడలు నిషిద్ధం." బయటి ఊళ్లవాళ్లు ఆ బోర్డు చూసి నవ్వుతారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మేం నవ్వడం మానేసి చాలా రోజులైంది.

జరిగింది జరిగినట్టు చెప్తాను. మా ఊళ్లో అంతర్రాష్ట్ర బాలబాలికల క్రీడా మహోత్సవం పెట్టారు. పన్నెండు రోజులు. దానికోసం ఎర్రటి సింథటిక్ ట్రాక్ వేశారు, గ్యాలరీ కట్టారు, హాస్టలు కట్టారు. పదమూడో రోజు పొద్దున టెంట్లు విప్పుతుండగానే ఆ హాస్టల్లోకి ఒక ఆఫీసు దిగింది. క్రీడా వారసత్వ పరిరక్షణ కార్యాలయం అని దాని పేరు. పదకొండు మంది ఉద్యోగులు. వాళ్లకు పెద్ద, ప్రత్యేకాధికారి పురుషోత్తం. ఇంతకుముందు ఏదో మ్యూజియంలో రాతి విగ్రహాలు చూసుకున్న మనిషి. వాటిలో ఒక్కటీ కదిలిన పాపాన పోలేదని ఆయనకు మంచి పేరు.

మహోత్సవం నియమావళిలో ఒక వాక్యం ఉంది. "ముగింపు దినాన ఉన్న సమస్త వారసత్వ ఆస్తులను ఉన్నవి ఉన్నట్టుగా ముప్పై సంవత్సరాలు పరిరక్షించి భావితరాలకు అప్పగించవలెను." రాసినవాడు ఏ మంచి ఉద్దేశంతో రాశాడో గానీ, పురుషోత్తం చేతిలో అది తాళంకప్ప అయింది.

ఆ వారంలోనే హైస్కూలు పీఈటీ సారు కొమురయ్య పాతికమంది పిల్లల్ని వెంటబెట్టుకొని గేటు దగ్గరికి వెళ్లాడు. పదిహేనేళ్లుగా ఆయన పిల్లల్ని కాలువ కట్ట మీద ఉరికిస్తున్నాడు. ఇక ఆ బాధ పోయిందనుకున్నాడు పాపం.

"పిల్లల కోసమే కట్టిన్రు గద సార్," అన్నాడు.

"భావితరాల కోసం," అని సవరించాడు పురుషోత్తం. "మీ వెంట ఉన్నవారు వర్తమాన తరం. వీరి విషయమై మాకు ఎట్టి ఆదేశాలూ లేవు."

"మరి వీళ్లెప్పుడైతరు భావితరం?"

"వీరు కాజాలరు. వీరి సంతానం కావచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత రండి, తాళాలు అప్పగిస్తాం."

వెనకనుంచి ఒక పిల్ల వేళ్ల మీద లెక్క పెట్టింది. "అప్పటికి నాకు నలభై అయిదొస్తయి సార్," అంది.

"ప్రేక్షకులుగా రావచ్చమ్మా," అన్నాడు పురుషోత్తం, నిజంగానే దయగా. "గ్యాలరీని కూడా పరిరక్షిస్తున్నాం."

ఆ పిల్ల పేరు రవళి. మహోత్సవంలో ఎనిమిది వందల మీటర్ల పరుగులో కంచు పతకం కొట్టింది. రెండు నిమిషాల పద్నాలుగు సెకన్ల ఆరు. మా ఊరికి వచ్చిన ఒకే ఒక్క పతకం. తండ్రి లేడు. తల్లి అంజవ్వ బీడీలు చుడుతుంది. ఇంకో చెల్లె ఉంది, పదేళ్లది.

ఇప్పుడు ఆ పిల్లకు జరిగింది వినండి.

సర్కారు ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంటుంది. చార్జి తీసుకునే రోజు ఆవరణలో ఏది కనబడితే దాన్ని స్టాకు రిజిస్టరులోకి ఎక్కించాలి. బల్లకు నంబరు, కుర్చీకి నంబరు, బకెట్టుకు నంబరు, తెల్లరంగుతో రాసేస్తారు. పురుషోత్తం చార్జి తీసుకునే పూట రవళి అక్కడే ఉంది. పతకం వేసుకొని ఫొటో దిగడానికి ఆగమన్నారు కాబట్టి మెట్టు మీద కూర్చుంది. నియమావళిలో "మానవ వారసత్వము" అనే మాట కూడా ఒకటి ఏడ్చింది. స్టోరుకీపరు ఒకసారి పిల్లను చూశాడు, ఒకసారి ఆ మాటను చూశాడు, రాసేశాడు. నా కళ్లతో చూశాను ఆ రిజిస్టరు. నలభై ఆరు: హర్డిళ్లు, చెక్కవి, ఎనభై. నలభై ఏడు: పరుగు బాలిక, ఒకటి. నలభై ఎనిమిది: ప్లాస్టిక్ కుర్చీలు, నీలం, ఆరు వందలు. మూడింటికీ ఎదురుగా ఒకటే మాట. "స్థితి: బాగున్నది."

పిల్ల నుదుటి మీద రంగు వేయలేదు, అంతవరకు నయం. వెనక నలభై ఏడు అని అచ్చేసిన బనీను ఇచ్చారు. అంజవ్వ చేత మూడు కాగితాల మీద సంతకం చేయించారు. పిల్ల పుట్టిన తేదీ సర్టిఫికెటు, పతకం సర్టిఫికెటు "ఆస్తితోపాటు భద్రపరచుటకు" తీసుకున్నారు. పిల్లకు బూట్లిస్తారేమో అనుకొని ఆమె ఇచ్చేసింది.

బూట్లు రాలేదు. సరిగ్గా ఏడాదికి పురుషోత్తం వచ్చాడు. ఇద్దరు గుమాస్తాలు, ఒక టేపు, ఒక తూకం మిషను వెంట తెచ్చాడు. భౌతిక తనిఖీ అన్నాడు. అంజవ్వ చేట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తోంది. రవళిని గోడకు నిలబెట్టి టేపు పెట్టారు. గుమాస్తా చదివాడు. పురుషోత్తం మొహం మారింది. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ అదే వచ్చింది.

"ఆస్తి అంగుళమున్నర పెరిగినది," అన్నాడు. "ఎవరి అనుమతితో?"

అంజవ్వకు అర్థం కాలేదు. "అన్నం పెట్టిన సారూ," అంది.

"ఎవరి ఆదేశానుసారం?"

"ఆకలైతే పెట్టిన. గంతే."

"బరువు కూడా మూడు కిలోలు అధికం. అమ్మా, మీకు ఆస్తిని తాత్కాలిక సంరక్షణకు మాత్రమే ఇచ్చాం. అభివృద్ధి చేయమనలేదు. అభివృద్ధికి వేరే శాఖ ఉంది."

"ఆడిపిల్ల సారూ. పదిహేనేండ్లకు గింతుంటది, పదహారేండ్లకు గంతుంటది. నా చేతులున్నదా?"

"అదే విషయాన్ని లిఖితపూర్వకంగా సమర్పించండి," అన్నాడాయన.

కొమురయ్య సంగతి తెలిసి పరుగున వచ్చాడు. ఆయన మంచివాడే, కానీ నోరు ఆగదు. పిల్ల ఎంత బాగా తయారైందో చెప్తే సారు సంతోషిస్తాడని అనుకున్నాడు. "ఇప్పుడు రెండు నిమిషాల తొమ్మిదిల ఉరుకుతున్నది సార్. కాలువ కట్ట మీదనే. గుంతల్లనే," అన్నాడు గర్వంగా.

పురుషోత్తం రిజిస్టరు తెరిచాడు. వేలు పెట్టి చూశాడు.

"మాకు అప్పగించినవి రెండు నిమిషాల పద్నాలుగు సెకన్ల ఆరు," అన్నాడు. "ఇప్పుడు రెండు తొమ్మిదే ఉన్నాయంటున్నారు. మిగతా అయిదు సెకన్ల ఆరు ఏమైనట్టు?"

"తగ్గినయి సార్."

"తగ్గినవని ఒప్పుకుంటున్నారు."

"తగ్గాలనే గద సార్ ఉరుకుడు. రోజు ఉరికితే తగ్గుతయి."

"రోజూ తగ్గిస్తున్నారన్న మాట," అన్నాడు పురుషోత్తం. గుమాస్తా రాసుకున్నాడు.

పది రోజులకు కొమురయ్యకు మెమో వచ్చింది. వారసత్వ ఆస్తి నంబరు నలభై ఏడు నుంచి అయిదు సెకన్ల ఆరు ఉద్దేశపూర్వకంగా, దఫదఫాలుగా మాయం చేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదు అని. మాయమైన సెకన్లను పదిహేను రోజుల్లో యథాస్థానంలో చేర్చాలని కూడా ఉంది. ఆ కాగితం పట్టుకొని కొమురయ్య నా దగ్గరికి వచ్చాడు. దీనికి జవాబు ఎట్ల రాయాలె అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ ఊరివాళ్ల అర్జీలు రాస్తున్నాను, నాకు తోచలేదు. ఒక పిల్ల వేగంగా పరుగెత్తడం తప్పు కాదు అని రాయడానికి ఏ సెక్షను ఎత్తి చూపాలి?

అంతలోనే అసలు సంగతి వచ్చిపడింది. హైదరాబాదులో ఒక క్రీడా అకాడమీ ఉంది. తిండి, చదువు, బూట్లు, కోచ్, అన్నీ వాళ్లవే. ఎంపిక పరుగు ఆ నెల ఇరవై రెండున. వయసు పదిహేడు నిండి ఉండకూడదు. రవళికి పై నెలలో పదిహేడు నిండుతాయి. అంటే ఇదొక్కటే అవకాశం. ఈసారి పోతే కాలువ కట్ట నుంచి నేరుగా బీడీల చేట ముందుకే. ఎంపికకు కావలసింది రెండు కాగితాలు, పుట్టిన తేదీ సర్టిఫికెటు, పతకం సర్టిఫికెటు. అసలువే కావాలి, నకళ్లు చెల్లవు. ఆ రెండూ పురుషోత్తం బీరువాలో ఉన్నాయి.

అంజవ్వ, రవళి, కొమురయ్య, నేను, నలుగురం ఆఫీసుకు వెళ్లాం. పతకం గెలిచిన పిల్లల మంచాలుండే గదిలో ఇప్పుడు బీరువాలున్నాయి. పదకొండు మందీ తమ తమ కుర్చీల్లో ఉన్నారు. ఎవరూ కదలడం లేదు.

"ఆస్తి పత్రాలు ఆస్తి నుంచి వేరు చేయబడవు," అన్నాడు పురుషోత్తం. "ఆస్తి ప్రాంగణ పరిధి దాటడానికి మూడే మార్గాలు. ఒకటి మరమ్మతు. రెండు ప్రదర్శన. మూడు కండెమ్."

"మరమ్మతుకు పంపుండ్రి సార్," అంది రవళి.

"ఏమి విరిగింది?"

"ఏమిరగలే."

"విరిగాక రండి."

"ప్రదర్శన అని రాయుండ్రి," అన్నాను నేను.

"ప్రదర్శనలో ఆస్తి నిశ్చలంగా ఉండాలి. ఆగస్టు పదిహేనున మెట్టు మీద నిలబెడుతున్నాం కదా. ఈ అమ్మాయి అక్కడా కాళ్లు ఆడిస్తోందని ఫిర్యాదు వచ్చింది."

ఇక మిగిలింది కండెమ్. సర్కారు భాషలో అంటే, ఇది ఇక పనికిరాదు అని కమిటీ తేల్చి, సంతకాలు చేసి, కాగితాలతో సహా వదిలించుకోవడం. విరిగిన కుర్చీలు, కాలిపోయిన ఫ్యాన్లు అట్లా పోతాయి. కొమురయ్య కళ్లు మెరిశాయి. బయటికి వచ్చాక అంజవ్వను అరుగు మీద కూర్చోబెట్టి పిల్లకు చెప్పాడు.

"బిడ్డా, కమిటీ ముంగట ఉరకమంటరు. ఉరకకు. నడువు. ముసలమ్మ తీర్గ నడువు. పనికిరాదని రాస్తరు, కాయిదాలిస్తరు. ఎల్లుండి రెండు గంటల బస్సుకు పోదాం."

"పనికిరానని రాపిచ్చుకోవాల్నా సార్?"

"రాపిచ్చుకోవాలె."

పిల్ల బీరువాలున్న గది వైపు తిరిగి చూసింది. "ఇంతకుముందు నన్నెవ్వలు గట్ల అనలే," అంది. తర్వాత సరే అంది. కండెమ్‌కు అర్జీ ఆ పూటే రాసిచ్చాను.

కండెమ్ కమిటీ ఇరవయ్యో తేదీ పొద్దున పదింటికి కూర్చుంది. పురుషోత్తం అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. మైదానం నడుమ గడ్డిలో టేబులు, గొడుగు, కొబ్బరిబోండాలు. అక్కడికి చేరాలంటే ట్రాక్ దాటాలి కాబట్టి అందరూ బూట్లకు గుడ్డ సంచులు కట్టుకొని, మెల్లగా, దారికని ట్రాక్‌కు అడ్డంగా పరిచిన టార్పాలిన్ పట్టీ మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటారు. గడ్డిలోకి రాగానే సంచులు విప్పి పక్కన పెట్టారు. గడ్డికి తగిలితే సంచులు మాసిపోతాయట. ఫైలు టేబులు మీద ఉంది. ఆస్తిని, పత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చాలని నియమం. మమ్మల్ని మాత్రం చెప్పులు విప్పించి తోలారు.

రవళి నలభై ఏడు నంబరు బనీను వేసుకుంది. ఏడాది కిందటిది, పొట్టిదైపోయింది. ఒక సభ్యుడు దాన్ని చూసి "ముడుచుకుపోయింది" అని రాసుకున్నాడు. బనీను గురించా పిల్ల గురించా తెలియదు.

"ఎనిమిది వందల మీటర్లు. రెండు చుట్లు. ప్రారంభించవచ్చు," అన్నాడు పురుషోత్తం.

రవళి నడిచింది. చెప్పినట్టే నడిచింది. నడుము మీద చెయ్యి పెట్టుకొని నడిచింది. మొదటి మలుపు దగ్గర ఆగి జడ విప్పి మళ్లీ వేసుకుంది. గ్యాలరీ పక్కన గేటు దగ్గర కాపలా ఉన్న సత్తయ్యతో మాట్లాడింది.

"ఏం సత్తయ్య తాతా, తిన్నవా?"

"ఇప్పుడెక్కడ తింటనే. నువ్వు పో, సార్లు చూస్తున్నరు."

"చూడనియ్యి. ఏం కూర?"

"బీరకాయ."

రెండో చుట్టులో కాసేపు కూర్చుంది కూడా. మొత్తం పదమూడు నిమిషాలు. కొమురయ్య పళ్లు బిగించి ఆకాశం వైపు చూస్తున్నాడు. శిష్యురాలు అంత చెత్తగా నడుస్తుంటే గురువుగా ఆయన ప్రాణం పోతోంది.

గీత దాటింది. పురుషోత్తం ఒక పెట్టె తెరిపించాడు. అందులో ప్లాస్టిక్ సంచిలో, లక్క ముద్రతో, స్టాప్‌వాచి ఉంది. మహోత్సవంలో వాడినదే. ఆస్తి నంబరు పన్నెండు. ముగింపు రోజున ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో ఉంది, అంటే ఆ రోజు రవళి పరుగు దగ్గర ఆపింది ఆపినట్టే ఉంది. ముద్ర ఊడదీయకుండా, సంచి పైనుంచి కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు.

"రెండు నిమిషాల పద్నాలుగు సెకన్ల ఆరు."

సభ్యులు రాసుకున్నారు.

"సార్," అన్నాడు కొమురయ్య. "పిల్ల నడిచింది సార్. నడుమ కూసున్నది. మీరు చూసిన్రు."

"మేం చూసింది మా వ్యక్తిగత అభిప్రాయం. అధికారిక సమయం ఇది."

"అది నడుస్తలేదు సార్. ఆగిపోయిన గడియారం."

"ఆగిపోలేదు, పరిరక్షించబడింది," అన్నాడు పురుషోత్తం. ఆయన మొహంలో ఏడాదిగా లేని శాంతి వచ్చింది. "కొమురయ్యగారూ, మీకో శుభవార్త. మాయమైన సెకన్లు పూర్తిగా తిరిగి చేరాయి. మీ మెమో ఉపసంహరిస్తున్నాం. ఆస్తి ముగింపు దినాన ఉన్నట్టే ఉన్నది. కండెమ్ చేయుటకు ఎట్టి కారణమూ లేదు. మిగిలిన ఇరవై తొమ్మిదేళ్లూ ఇలాగే కొనసాగించండి."

అంజవ్వ గడ్డిలో కూలబడింది. అయిదుగురూ సంతకాలు చేస్తున్నారు. ఒక సభ్యుడు బోండాంలో గొట్టం పెట్టుకుంటున్నాడు.

రవళి టేబులు దగ్గరికి వచ్చింది. అలసట లేదు, నడిచిన మనిషికి అలసటెందుకు ఉంటుంది. ఫైలు చేతిలోకి తీసుకుంది. తాడు విప్పింది. రెండు కాగితాలు లాగింది, మడిచి నడుముకు చెక్కుకుంది, ఫైలు మళ్లీ టేబులు మీద పెట్టింది.

"అమ్మాయీ, అది భద్రపరచిన పత్రం," అన్నాడు పురుషోత్తం.

"నేను పుట్టిన కాయిదం సార్ గది," అంది రవళి. "మీరు పుట్టిచ్చిన్రా?"

ఆ మాట అని పరుగెత్తింది.

అప్పుడు చూశాం ఆ పిల్ల పరుగు. ఏళ్లుగా కాలువ కట్ట మీద గుంతలు దాటుకుంటూ నేర్చిన పరుగు. టార్పాలిన్ జారుతుందని తెలిసి, దాన్ని వదిలేసి ట్రాక్ మీదుగానే దూసుకుపోయి, సిమెంటు దారి పట్టుకొని తూర్పు గేటు వైపు పోయింది. అయిదుగురు అధికారులు ఒక్కసారిగా లేచారు. గొడుగు పడిపోయింది. "పట్టుకోండి, ఆస్తి, ఆస్తి," అని అరుస్తూ ట్రాక్ అంచు దాకా ఉరికారు. అక్కడ ఆగారు. ముందుకు అడుగు పడటం లేదు. కాళ్లకు సంచులు లేవు.

"సంచులు కట్టుకోండ్రి సార్," అన్నాడు కొమురయ్య చేతులు కట్టుకొని. "రూలు."

అయిదుగురూ గడ్డిలో కూర్చున్నారు. ఎవరి సంచి ఎవరిదో కలిసిపోయింది. పురుషోత్తానికి రెండూ ఎడమకాలివే దొరికాయి, మార్చుకున్నాడు. ఆయనకు నడుము వంగదు, ఒక సభ్యుడు తాడు ముడి వేశాడు. దూరంగా సత్తయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మూసెయ్, గేటు మూసెయ్," అని కేకేశారు. సత్తయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, వినబడుతలేదు సార్, దగ్గరికొస్తున్నా అంటూ గేటు వదిలేసి వీళ్ల వైపు నడిచాడు. ట్రాక్ దాకా వచ్చి, ఆయన కూడా సంచులు కట్టుకోవడానికి కూర్చున్నాడు.

వాళ్లు ట్రాక్ దాటేసరికి పిల్ల ఊరు దాటింది. రెండు గంటల బస్సు దాకా కూడా ఆగలేదు. పాలు దించి తిరిగి పోతున్న వ్యాను పట్టుకొని పోయింది. సాయంత్రం బస్సుకు కొమురయ్య వెళ్లాడు, సస్పెన్షను ఆర్డరు జేబులో పెట్టుకొని.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం అంజవ్వ ఇంట్లో ఫోను మోగింది. నేను అక్కడే ఉన్నాను. కొమురయ్య అరుస్తున్నాడు, పక్కింటికి కూడా వినబడింది. రెండు నిమిషాల ఏడు. మొదటి స్థానం. తీసుకున్నరు. బూట్లు కూడ ఇచ్చిన్రు. అంజవ్వ "తిన్నదా?" అని అడిగింది. తిన్నదని చెప్పాక చేట పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

అదే గంటకు వాకిట్లో జీపు ఆగింది. పురుషోత్తం, ఇద్దరు గుమాస్తాలు, టేపు, తూకం మిషను. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వలేదాయన. ఆస్తి పోయిందని రాస్తే, పోగొట్టినవాడి పేరు అనే గడిలో తన పేరే రాసుకోవాలి. అందుకని ఆయన ఆలోచించి వేరే దారి పట్టుకొచ్చాడు.

"అమ్మా, నిబంధన స్పష్టంగా ఉంది," అన్నాడు వాకిట్లో నిలబడే. "ఆస్తి అందుబాటులో లేనప్పుడు సంరక్షకులు అదే కొలతల ఆస్తిని భర్తీ చేయాలి. మీకు ఇంకొక అమ్మాయి ఉన్నట్టు రేషను కార్డులో ఉంది. ఎత్తు తక్కువే, కానీ కొంతకాలం పెరగనిచ్చి, సరిగ్గా కొలతకు రాగానే ఆపవచ్చు."

గుమాస్తా టేపు విప్పాడు. చిన్నపిల్ల తల్లి వెనక్కు వెళ్లింది. అంజవ్వ లేచి నిలబడింది. ఆమె అధికారుల ముందు లేవడం ఎన్నోసార్లు చూశాను. ఈసారి మాత్రం వాళ్లకు మర్యాద ఇవ్వడానికి లేవలేదు. ఆ గుమాస్తా చేతిలోంచి టేపు తీసుకొని చుట్టి, పురుషోత్తం చేతిలో పెట్టింది.

"సారూ, మీకు పెరగనిది గావాలె. ఉరకనిది గావాలె. పెట్టిన కాడనే ఉండేది గావాలె," అంది. "గసొంటిది నా ఇంట్ల లేదు. మీ ఆఫీసుల పదకొండు ఉన్నయి. పోయి కొల్సుకోండ్రి."